అభిమన్యుడికి పతంగి ఇవ్వరు

నాందేడ్‌లో సముద్రం మాట ఎత్తేవాళ్లు రెండు రకాలు: రామేశ్వరం పోయి వచ్చినవాళ్లు, పోవాలనుకుంటున్నవాళ్లు. రామేశ్వరం–ఓఖా ఎక్స్‌ప్రెస్ వారానికోసారి మా స్టేషన్ మీదుగా పోతుంది. దాంట్లో ఎక్కేవాళ్ల సంచుల్లో పులిహోర, గంగాజలం చెంబు, ముసలివాళ్ల మందులు ఉంటాయి. అందుకే మే నెలలో నీట్ పరీక్ష అయిపోగానే నేను రామేశ్వరం పోతానంటే మా అమ్మ సంబరపడిపోయింది. ఇరవై రెండు తీర్థాల స్నానం ఒక్కటీ తప్పించవద్దంది. కాశీకి పోయినప్పుడు గంగలో కలపడానికి సేతువు దగ్గరి ఇసుక తెమ్మంది. నేను పోయేది పెద్ద పతంగిని నడుముకు తగిలించుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని నీళ్ల మీద జారడం నేర్చుకోవడానికని చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నీకు ఈతొస్తది సరే, గాలొస్తదారా?" అంది.

ఇంత సూటి ప్రశ్న అక్కడి శిక్షకులు కూడా నన్ను అడగలేదు.

నేను వైద్య కళాశాలల ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మరాఠ్వాడాలో ఈ చదువులకు లాతూర్‌తో పాటు చెప్పుకునే ఊరు మాదే. తాతల నాడు ఇదంతా హైదరాబాద్ రాజ్యం. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఊళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. మాకు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, సంక్రాంతికి మేడ ఎక్కితే మాత్రం హైదరాబాదీ: మాంజా, చరఖా, ఢీల్, ఖీంచ్. చిన్నప్పటి నుంచీ దారం పట్టినవాడిని కదా, నీళ్ల మీది పతంగి ఎంతసేపు అనుకునే బయలుదేరాను.

సంక్రాంతి పతంగికి ఒక దారం. కైట్ సర్ఫింగ్ పతంగికి నాలుగైదు, ఒక్కోటి ఇరవై మీటర్ల పైన. పతంగి వైశాల్యం మామూలుగా తొమ్మిది నుంచి పన్నెండు చదరపు మీటర్లు. ముందు అంచు పొడవునా గాలి నింపిన గొట్టం ఉంటుంది కాబట్టి నీళ్లలో పడ్డా మునగదు. దారాలన్నీ ఒక కడ్డీకి చేరతాయి, దాన్ని బార్ అంటారు. బార్ మధ్యలోంచి వచ్చే తాడు నడుముకు బిగించిన హార్నెస్ కొక్కేనికి తగులుతుంది. లాగుడంతా నడుము మోస్తుంది, చేతులు దారి మాత్రం చూపుతాయి. గాలికి వీపు పెట్టి నిలబడి ఎదురుగా ఆకాశంలో ఒక గడియారం ఊహించుకోమంటారు. నెత్తి మీద పన్నెండు, ఎడమ చేతివైపు తొమ్మిది, కుడివైపు మూడు. పన్నెండు దగ్గరా, ఆ అంచుల దగ్గరా పతంగి నెమ్మదిగా ఉంటుంది. నడిమధ్యలోకి దూకిందంటే మనిషిని నీళ్లలోంచి పెకలించి తీసుకుపోతుంది.

అమ్మ అడిగిన "గాలి రావడం" మాత్రం సముద్రం దాకా పోకుండానే మొదలుపెట్టవచ్చు. 1805లో ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలికి అంకెలు వేశాడు. తరువాతివాళ్లు ఆ అంకెలకు నేల మీద కనిపించే గుర్తులు కూడా చేర్చారు. నేను వాటిని మా తరగతి గది కిటికీలోంచి కనిపించే వేపచెట్టు మీద అభ్యాసం చేశాను. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే మూడో అంకె, అంటే 7 నుంచి 10 నాట్లు. దుమ్ము, కాగితం ముక్కలు లేచి చిన్న కొమ్మలు ఊగితే నాలుగు, 11 నుంచి 16 నాట్లు. లేత చెట్లు నిలువునా ఊగితే ఐదు, 17 నుంచి 21 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కొత్తవాడికి కావలసింది నాలుగో అంకె గాలి, అదీ నిలకడగా. తొలకరికి ముందు మా ఊరి మీద పడే గాలిదుమారం సంగతి వేరు. వేపచెట్టు ఆకు కదలకుండా ఉండగానే మబ్బు నల్లబడుతుంది, రెండు నిమిషాల్లో దుకాణాల ముందరి రేకులు లేచిపోతాయి. అలాంటి మబ్బు ఏ మూల కనిపించినా పతంగి దించేయాలన్నది ఈ ఆటలో మొదట చెప్పే జాగ్రత్తల్లో ఒకటి.

"విష్ణుపురి పక్కనే ఉండగా అంత దూరం ఎందుకు?" అని మా కెమిస్ట్రీ సారు అడిగాడు. ఊరి పొలిమేరలోనే గోదావరికి అడ్డంగా విష్ణుపురి ఆనకట్ట ఉంది, వెనకాల శంకర్ సాగర్ జలాశయం ఉంది. నీళ్లకు కొదవ లేదు. వర్షాకాలంలో పడమటి గాలీ వస్తుంది. ఆ గాలిని నమ్ముకునే హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జూలై నెలలో తెరచాప పడవల పోటీలు నడుస్తాయి. అయితే నేల మీదుగా వచ్చే గాలి చెట్లను, ఇళ్లను, గట్లను ఒరుసుకుని సుడులు తిరుగుతూ వస్తుంది. ఒక క్షణం చచ్చుబడిపోతుంది, మరుక్షణం విరుచుకుపడుతుంది. అలాంటి గాలికి తెరచాప పడవ బోల్తా కొడుతుంది. పతంగి అయితే మనిషినే పైకి లేపి విసురుతుంది. పైగా ఒడ్డున కరెంటు తీగలు, ఎగువ నుంచి ఎప్పుడు వదులుతారో తెలియని వరదనీరు. మనిషి కొట్టుకుపోతే వెళ్లి తెచ్చే పడవ లేదు. చెరువు కనిపించగానే దిగిపోకుండా ఇవన్నీ లెక్కవేయడమే నేను నేర్చుకున్న మొదటి విద్య. అది నాందేడ్‌లోనే నేర్చుకున్నాను.

రామేశ్వరం దీవికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. వేసవి నుంచి నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి. సముద్రం మీద అడ్డేమీ లేకుండా వస్తాయి కాబట్టి రెండూ నిలకడగా వీస్తాయి. చాలాచోట్ల నడుము లోతుకు మించని నీళ్లు, కింద ఇసుక. దేశంలో ఈ ఆట నేర్పే కొద్ది చోట్లలో ఇదొకటి కావడానికి కారణం ఇదే. గాలి అక్కడ ఆటకోసమే పుట్టిందనుకుంటే పొరపాటు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది, పాంబన్ నుంచి వెళుతున్న రైలు మనుషులతో సహా సముద్రంలో కలిసింది. ఆ స్టేషన్ మొండిగోడలు చూశాక గాలిని చులకన చేసేవాడు ఉండడు.

మా శిక్షకుడు నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల వయసువాడు. "సార్" అంటూనే నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి ఆడించాడు. మొదటి పూట పతంగికి గాలే నింపలేదు. ఒడ్డున బార్‌ను నా హార్నెస్‌కు తగిలించి, దారాల కొస తాను పట్టుకున్నాడు. పతంగితో తెగతెంపులు చేసుకోవడానికి మూడు మెట్లున్నాయన్నాడు. మొదటిది, బార్ వదిలేయడం. అలా వదిలితే పతంగి గాలిని జారవిడిచి నీరసిస్తుంది. అది చాలకపోతే రెండోది: పొట్ట ముందర ఎర్రగా కనిపించే క్విక్ రిలీజ్‌ను బలంగా ముందుకు నెట్టడం. అప్పుడు పతంగి ఒకే ఒక్క దారం మీద బలమంతా కోల్పోయి వాలిపోతుంది. ఆ దారాన్ని మనిషికి కలిపి ఉంచేది లీష్. అప్పటికీ పతంగి మనిషిని ఈడ్చుకుపోతుంటే మూడో మెట్టు, లీష్‌ను కూడా విడిపించుకోవడం. పతంగి పోతుంది, మనిషి మిగులుతాడు.

చెప్పి ఊరుకోలేదు. ఊరి సంగతులు మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా "రిలీజ్!" అని అరిచేవాడు. నేను చూడకుండా, తడుముకోకుండా నెట్టాలి. మళ్లీ బిగించడం, మళ్లీ కబుర్లు, మళ్లీ అరుపు. కళ్లు మూసుకుని ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి, ఇసుకలో బోర్లా పడుకుని ఒకసారి. ఆ తరువాత సైగలు. అందులో నెత్తి మీద అరచేత్తో తట్టుకుంటే పతంగిని దించడానికి ఒడ్డునున్నవాడి సాయం అడుగుతున్నట్టు. ఎగరడం ఎలాగో ఇంకా చెప్పనే లేదు, దిగడం మాత్రం మూడు విధాల వచ్చేసింది.

ఎందుకింత పట్టుదల అన్నది నీళ్లలోకి దిగాక తెలిసింది. భయం వేస్తే మనిషి చెయ్యి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. పుట్టిన పసివాడి పిడికిలికి కూడా తెలిసిన విద్య అది. ఇక్కడ దొరికేది బార్. దాన్ని దగ్గరికి లాగితే పతంగి గాలికి ఇంకా ఎదురు తిరిగి ఇంకా బలంగా లాగుతుంది. లాగేకొద్దీ భయం, భయపడేకొద్దీ పిడికిలి బిగింపు. గాలి బలం దాని వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుందని, వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలని ఏళ్ల తరబడి బల్ల మీద రాస్తున్నవాడిని నేను. ఆ సూత్రం నా బుర్రలో భద్రంగానే ఉంది గానీ పిడికిలిదాకా దిగలేదు. దింపింది ఒడ్డు మీద ఆ కుర్రాడి అరుపులే. ఒక సాయంత్రం గాలి ఉన్నట్టుండి పెరిగింది. పతంగి నన్ను లేపబోయింది. నేను ఆలోచించేలోపే వేళ్లు విచ్చుకున్నాయి. బార్ పైకి జారిపోయింది, లాగుడు చల్లారింది.

ఈ ఆట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. గాలిపటానికి లాగే శక్తి ఉందని చాలాకాలంగా తెలుసు. 1826లో బ్రిస్టల్‌కు చెందిన జార్జ్ పోకాక్ అనే బడిపంతులు పతంగులు లాగే బండికి పేటెంట్ తీసుకున్నాడు. 1903లో శామ్యూల్ కోడీ పతంగి కట్టిన పడవలో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. అయినా అది వేలమంది ఆడే ఆట కాలేదు. 1984లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగైన్యూ సోదరులు గాలి నింపే పతంగికి పేటెంట్ దాఖలు చేశారు. నీళ్లలో పడిన పతంగి మునిగిపోకుండా మళ్లీ లేవగలగడం దాని గొప్ప. 1990ల చివర ఆట ఊపందుకుంది, దానితో పాటే ప్రమాదాలూ వచ్చాయి. ఆ రోజుల్లో బార్ వదిలినా పతంగి బలం పూర్తిగా తగ్గేది కాదు. 2005 ప్రాంతంలో వచ్చిన బో కైట్‌లతో ఆ బలాన్ని దాదాపు సున్నా చేయడం వీలయింది. 2020లో ఒక్క విడుదల పరికరం కోసమే ఐఎస్ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారి చేరింది. మార్సెయ్ సముద్రంలో బ్రిటన్ అమ్మాయి ఎలీ ఆల్డ్రిడ్జ్, ఆస్ట్రియా అబ్బాయి వాలెంటిన్ బోంటుస్ స్వర్ణాలు గెలిచారు. వదిలించుకునే ఉపాయం బాగుపడ్డ తరువాతే ఆట ఇంతమందికి చేరువైంది.

మూడు మెట్లలో మూడోది కష్టం. కొత్త పతంగి కొనాలంటే లక్ష రూపాయలకు పైమాటే. దాన్ని సముద్రానికి ధారపోయడానికి చెయ్యి రాదు. ఊరికే ధారపోయమని ఎవరూ చెప్పరు కూడా. మామూలు పరిస్థితిలో పతంగిని వదిలి ఈదడమే పెద్ద తప్పు. దారాలను బార్‌కు చుట్టుకుంటూ పతంగి దగ్గరికి చేరి, దాన్నే తెప్పగా పట్టుకుని తేలుతూ ఒడ్డుకు రావాలి. పతంగి మనిషిని రాళ్ల మీదికో, ఇంకొకడి దారాల్లోకో ఈడుస్తుంటేనే మూడో మెట్టు. ఎప్పుడు పట్టుకుని ఉండాలి, ఎప్పుడు తెంచుకోవాలి అన్న విచక్షణ ఒడ్డు మీద నేర్చుకోవలసిందే. నీళ్లలో దానికి తీరిక ఉండదు.

మూడో మెట్టు మా జిల్లా రైతుకు తెలిసినంత చేదుగా ఇంకెవరికీ తెలియదు. బోరు వేయిస్తాడు. మూడు వందల అడుగులు పోయినా తడి తగలదు. "ఇంకో యాభై" అంటాడు బండివాడు. అప్పటిదాకా పోసిన డబ్బే ఆ యాభైకి సాక్ష్యం చెబుతుంది. ఆపేసిన రోజు నష్టం ఎంతో చేతిలోకి వస్తుంది, ఆపకపోతే అది రేపటికి వాయిదా పడుతుంది. అందుకే ఎక్కడ ఆపాలో బండి రాకముందే గీత గీసుకోవాలి. గొట్టం భూమిలోకి దిగుతుంటే గీసే గీతకు విలువ లేదు.

నేను చివరికి బోర్డు మీద నిలబడ్డాను. దానికి ముందు బోర్డు లేకుండా, పతంగి ఎటు లాగితే అటు నీళ్లలో బొక్కబోర్లా పోవడమే పని. దీన్ని బాడీ డ్రాగ్ అంటారు. బోర్డు కాళ్లలోంచి జారిపోతే గాలికి ఎదురు ఏటవాలుగా వెళ్లి తెచ్చుకోవడానికి ఇదే దారి. ఉప్పునీళ్లు ముక్కులోంచి దిగి గొంతులోంచి వచ్చాయి. నిలబడ్డాక ఎంతసేపు జారానని మాత్రం అడగకండి. కాళ్ల కింద నీళ్లు చర్రుమన్న ఆ కాసేపూ నాకు భయం లేదు. పెద్ద ధైర్యవంతుడినై కాదు. వేళ్లు విప్పితే చాలని వేళ్లకే తెలుసు కాబట్టి.

తిరుగు ప్రయాణంలో రైలు తెలంగాణ దాటుతుండగా అభిమన్యుడు గుర్తుకొచ్చాడు. తల్లి గర్భంలో పద్మవ్యూహం గురించి సగం విన్నాడని, సుభద్ర నిద్రపోవడంతో మిగతా సగం వినలేదని మనందరికీ తెలిసిన కథే. మనం పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. యుద్ధానికి పదమూడో రోజున ఆ పిల్లవాడు ఏదీ దాచలేదు. లోపలికి పోవడం వచ్చు, బయటికి రావడం రాదు అని పెద్దనాన్న ధర్మరాజుతో మొహం మీదే చెప్పాడు. నువ్వు దారి చెయ్యి, మేము నీ వెనకే ఉంటాం అన్నారు పెద్దలు. తీరా సైంధవుడు అడ్డుపడ్డాడు, వెనక వస్తామన్నవాళ్లు ఒక్కరూ లోపలికి పోలేకపోయారు. మనం ఆ పిల్లవాడి వీరత్వానికి చేతులెత్తి మొక్కుతాం. రామేశ్వరం కుర్రాడయితే "బయటికి రావడం రాదు" అన్న ముక్క వినగానే అభిమన్యుడి చేతిలోంచి బార్ తీసేసుకుని ఇసుకలో కూర్చోబెట్టేవాడు.

రైలు దిగి ఇంటికొచ్చే దారిలో శ్యామ్‌నగర్, భాగ్యనగర్ వైపు గోడల నిండా మావాళ్ల హోర్డింగులే. ర్యాంకుల పిల్లల నవ్వు మొహాలు, కింద అడ్మిషన్ల తేదీలు. పర్భణీ, హింగోలీ, యవత్మాల్ నుంచి, అటు ఆదిలాబాద్ వైపు నుంచి కూడా పదహారేళ్ల పిల్లలు ఇనుప పెట్టెలతో దిగుతారు. 2024లో దేశం మొత్తం మీద 23 లక్షల మందికి పైగా నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షా పై చిలుకు. అంటే ఇరవై లక్షల మందికి పైగా పిల్లలు ఏదో ఒక రోజు ఈ వ్యూహంలోంచి బయటికి రావలసినవాళ్లే. లోపలికి పోయే విద్యకు మా దగ్గర పుస్తకాలున్నాయి, టెస్ట్ సిరీస్‌లున్నాయి, అర్ధరాత్రి దాకా సందేహాలు తీర్చేవాళ్లున్నారు. బయటికి రావడానికి ఒక్క పీరియడ్ లేదు. తండ్రులు ధర్మరాజు మాటే అంటారు: "నువ్వు చదువు బేటా, వెనక మేమున్నాం." మనసారా అంటారు కూడా. కానీ మార్కులు వచ్చిన రాత్రి హాస్టల్ గదిలో పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. అప్పుడు వాడి చెయ్యి దేన్ని పట్టుకుంటుందో, ఎంత గట్టిగా లాక్కుంటుందో మనకు తెలియదు.

ఆ పిల్లలకూ మూడు మెట్లు నేర్పవచ్చు. ఒక వారం పరీక్ష పోతే పోనిమ్మని పిడికిలి సడలించడం మొదటిది. ఒంట్లో, మనసులో సత్తువ లేనప్పుడు పుస్తకాలు మూసి, చదువుతో తెగతెంపులు చేసుకోకుండానే ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండి రావడం రెండోది. ఈ దారే నాది కాదని తేల్చుకుని ఇంకో చదువులోకి మారడం మూడోది. మూడోదాన్ని ఎప్పుడు వాడాలో ముందే మాట్లాడుకుని ఉంటే అది పరువు పోయిన రోజు కాదు, అనుకున్న గీత దగ్గర ఆగిన రోజవుతుంది.

ఇలా నేర్పితే పిల్లలు పిరికివాళ్లవుతారని, మొదటి గాలికే చేతులెత్తేస్తారని మా కెమిస్ట్రీ సారు వాదన. ఆయన మాటలో బలం లేకపోలేదు. పట్టుదల లేకుండా ఏ విద్యా రాదు, ఈ ఆటా రాదు. కానీ రామేశ్వరంలో నేను చూసింది వేరు. విడిపించుకోవడం బాగా వచ్చినవాళ్లే పెద్ద గాలిలోకి వెళ్లేవాళ్లు. రానివాళ్లు ఒడ్డున నిలబడి ఇవాళ గాలి బాగా లేదనేవాళ్లు, లేదా బార్‌ను చచ్చేంత గట్టిగా పట్టుకుని వెళ్లి ఎక్కడో తేలేవాళ్లు. తలుపు ఎక్కడుందో తెలిసిన ఇంట్లో ఉండడం వేరు, తాళం పడిన ఇంట్లో ఉండడం వేరు. తాళం పడిన ఇంట్లో ఎంతకాలం ఉన్నా దాన్ని పట్టుదల అనలేం. బయటికి పోగలిగి కూడా ఉండిపోయినవాడిదే పట్టుదల.

జూన్‌లో కొత్త బ్యాచ్ మొదలయింది. మొదటి గంటలో పాఠం మొదలుపెట్టకుండా, వైద్యం కాకపోతే జీవశాస్త్రం చదివిన పిల్లలకు ఉన్న దారులన్నీ బల్ల మీద రాశాను: పశువైద్యం, వ్యవసాయం, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, బీఎస్సీ తరువాత పరిశోధన. ఏ దారికి ఏ పరీక్ష, ఎప్పుడు దరఖాస్తు అన్నదంతా ఒక కాగితం మీద అచ్చు వేయించి పంచాను. సాయంత్రం ధర్మాబాద్ నుంచి వచ్చిన ఒక తండ్రి ఆ కాగితం పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు.

"శుభమా అని చేర్పిస్తుంటే ఓడిపోయే ముచ్చట ఏంది సార్?"

"ఓడిపోయే ముచ్చట గాదన్నా. బయటికొచ్చే తొవ్వ తెల్సినోడే లోపట నిలవడి కొట్లాడతడు" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. మా పెద్దోడు ఇట్లాంటి మాటలు వినే చెడిపోయాడన్నాడు. ఫీజు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి, ఆ కాగితం ఇంకొకటి ఉంటే ఇవ్వమన్నాడు, పెద్దోడి కోసం.